పన్నెండు నెలలూ ఒకే ఎత్తు

ఒరేయ్,

నీ మెసేజ్ మూడు రోజుల క్రితమే చూశాను. రెండు ముక్కల్లో జవాబిస్తే నీకు కోపం, నాకు అసంతృప్తి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. "రిపోర్టు కావాలని ఐటీ వాళ్లకి టికెట్ పెట్టి రెండు వారాలు ఎదురుచూస్తే, చివరికి వచ్చిన రిపోర్టు నేనడిగింది కాదు" అన్నావు చూడు, ఆ బాధ నాకు తెలియనిదా! నేనూ చాన్నాళ్లు ఆ క్యూలో నిలబడ్డవాణ్నే.

నిజం చెప్పాలంటే తప్పు వాళ్లది కూడా కాదురా. మనకేం కావాలో ముందు మనకే తెలియదు. అమ్మకాలు తగ్గాయని చూశాకే ఎక్కడ తగ్గాయని అడుగుతాం. ఫలానా బ్రాంచిలో అని తేలాక, ఏ వస్తువు అని అడుగుతాం. ప్రశ్నకో టికెట్, టికెట్‌కో రెండు వారాలు అంటే విషయం తేలేసరికి ఆ క్వార్టరే అయిపోతుంది. అదే డేటా నీ ముందు ఎక్సెల్‌లో ఉంటే ఆ ప్రశ్నలన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి. సెల్ఫ్ సర్వీస్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, ఇంతే సంగతి.

ఎక్సెల్ లాంటి లెక్కల పట్టికల ప్రోగ్రాంని స్ప్రెడ్‌షీట్ అంటారు కదా, అది పుట్టిందే ఇలాంటి విసుగులోంచి. డాన్ బ్రిక్లిన్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుకుంటున్నప్పుడు, బోర్డు మీద వేసిన లెక్కల పట్టికలో ఒక్క అంకె మారినా దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్లీ వేయాల్సి వచ్చేది. ఆ పనేదో మెషీనే చేస్తే పోలా అనుకున్నాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి విసికాల్క్ అనే ప్రోగ్రాం తయారుచేస్తే, 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద అది అమ్మకానికొచ్చింది. ఎక్సెల్ 1985లో వచ్చింది, అదీ ముందు ఆపిల్ వాళ్ల మెకింటోష్ కంప్యూటర్ మీద.

సరే, ఇక నా పరువు పోయిన కథ విను. నేను సొంతంగా చేసిన మొదటి పెద్ద రిపోర్టు అది. ఏడాది మొత్తం అమ్మకాలు, నెలవారీగా చార్టు వేయాలి. సిస్టమ్‌లోంచి సీఎస్‌వీ ఫైలు (విలువల మధ్య కామాలుండే వట్టి అక్షరాల ఫైలు) దింపాను, డబుల్ క్లిక్ చేసి తెరిచాను. తేదీలోంచి నెల తీయడానికి ఫార్ములా రాసి కిందిదాకా లాగాను. చాలా సెల్లలో, అంటే గళ్లలో, ఎర్రర్ వచ్చింది. అక్కడ ఆగి, ఎందుకొచ్చిందా అని చూసి ఉంటే నీకీ కథ చెప్పే పనే ఉండేది కాదు. ఇఫ్‌ఎర్రర్ అని ఒక ఫార్ములా ఉంది కదా, ఎర్రర్ వస్తే ఖాళీ చూపించమని దానికి చెప్పేశాను. షీటు శుభ్రమైపోయింది. చార్టు వేస్తే పన్నెండు కడ్డీలూ దాదాపు ఒకే ఎత్తులో వచ్చాయి. "మన వ్యాపారానికి సీజన్ అంటూ ఏమీ లేదు, ఏడాదంతా నిలకడగా ఉంది" అని కింద ఒక వ్యాఖ్య కూడా తగిలించి పంపాను.

మీటింగ్‌లో మా బాస్ ఒక్క మాటే అడిగారు. "మరి డిసెంబర్‌లో గోడౌన్లో కాలు పెట్టడానికి చోటు లేకపోయింది, ఆ సరుకంతా ఏమైనట్టు?"

నోరు పెగల్లేదు. ఆ సాయంత్రం కూర్చుని వెతికితే దొరికింది. ఫైల్లో తేదీలు ముందు రోజు, తర్వాత నెల పద్ధతిలో ఉన్నాయి. నా కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతి, ముందు నెల. దాంతో ఫిబ్రవరి 1ని ఎక్సెల్ జనవరి 2గా చదువుకుంది. అలా ప్రతి నెలలోనూ మొదటి పన్నెండు రోజులు తారుమారు. 13వ తేదీ నుంచి పదమూడో నెలంటూ లేదు కాబట్టి, వాటిని తేదీలుగా ఒప్పుకోకుండా వట్టి అక్షరాలుగా వదిలేసింది. నేను ఖాళీ చేసి పారేసినవి అవే. అంటే 365 రోజుల్లో నా చార్టులోకి వచ్చినవి 144 రోజులే! అందులోనూ జనవరి కడ్డీలో ఉన్నవి ప్రతి నెలా 1వ తేదీ అమ్మకాలు, ఫిబ్రవరి కడ్డీలో ప్రతి నెలా 2వ తేదీవి. ఒకే ఎత్తులో రాక ఏం చేస్తాయి!

ఎర్రర్లు నేనే మూసేశాక, ఇంత జరిగినా ఆ షీటు అరిచి గోల చేయలేదు, అదీ అసలు టెన్షన్. కంటికి కనిపించే గుర్తు ఒక్కటే. మనం అలైన్‌మెంట్ కదపకపోతే, ఎక్సెల్‌లో అంకెలూ తేదీలూ సెల్లో కుడివైపుకి ఒదుగుతాయి, అక్షరాలు ఎడమవైపుకి. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికీ కొన్ని ఎడమకీ ఉన్నాయంటే ఏదో తేడా ఉన్నట్టే. అమ్మకాల అంకెలే అలా ఎడమకి ఒదిగి ఉంటే ఇంకా ప్రమాదం, సమ్ ఫార్ములా వాటిని మాట్లాడకుండా వదిలేసి మిగతావి కూడుతుంది. ఆ రోజు నుంచి నాకో అలవాటు. ఏ రిపోర్టైనా పంపేముందు రెండు అంకెలు సరిచూస్తాను: సిస్టమ్‌లో ఎన్ని వరసలున్నాయి, నా షీటులో ఎన్ని, అక్కడ మొత్తం ఎంత, ఇక్కడ ఎంత. నిమిషం పని.

ఇప్పుడైతే సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవను. ఒకసారి తారుమారైన తేదీని చూసి, ముందు అది ఏమిటో చెప్పలేం. డేటా ట్యాబ్‌లోంచి పవర్ క్వెరీ అనే డేటా శుభ్రం చేసే పనిముట్టులోకి తెచ్చి, తేదీలు ఏ దేశం పద్ధతిలో ఉన్నాయో అక్కడే చెప్తాను. ఎక్సెల్ 2016 నుంచి అది లోపలే ఉంటుంది, విడిగా దింపుకోనక్కర్లేదు. శుభ్రం చేసిన మెట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, వచ్చే నెల పాత ఫైలు చోట కొత్తది పెట్టి రిఫ్రెష్ నొక్కితే చాలు. నీలాంటి బద్ధకస్తుడికి ఇంతకంటే ఏం కావాలి!

ఇక పివట్ టేబుల్, అంటే డేటాని మనకి కావలసినట్టు గుంపులుగా కూడి చూపించే పట్టిక. నువ్వు దాన్ని చూసి భయపడుతున్నావని నాకు తెలుసు. ఫార్ములా ఒక్కటీ రాయక్కర్లేదురా. బ్రాంచిని లాగి వరసల్లో వదులు, నెలని కాలమ్స్‌లో, అమ్మకాన్ని విలువల్లో. అంతే. ఏదైనా అంకె అనుమానంగా ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చెయ్, ఆ అంకె ఏయే వరసలు కూడితే వచ్చిందో కొత్త షీటులో పరిచి చూపిస్తుంది. ఈ ఒక్క సంగతి చాలామందికి తెలియదు. కాకపోతే, ఒక వరసకి ఒక్క లావాదేవీయే ఉండేలా డేటా ఉంచు. విలీనం చేసిన సెల్లు, మధ్యలో మొత్తాలు, మధ్యమధ్యలో హెడ్డింగులు పెట్టావో, పివట్ మొరాయిస్తుంది, లేదా లెక్క తప్పుతుంది. ఆ అందాలన్నీ వేరే షీటులో చూసుకో.

శాతాలతో జాగ్రత్త. ఒక బ్రాంచికి 10 ఆర్డర్లొచ్చి 5 వెనక్కొచ్చాయనుకో, 50 శాతం. ఇంకోదానికి 990 వచ్చి 10 వెనక్కొచ్చాయి, 1 శాతం. ఈ రెంటికీ సగటు తీసి "మన రిటర్నులు 25.5 శాతం" అన్నావంటే పై వాళ్ల గుండె ఆగిపోతుంది. అసలు లెక్క 1000కి 15, అంటే ఒకటిన్నర శాతం. ఇంకో జాగ్రత్త. వేరే పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములా వాడితే నాలుగో ఖాళీలో ఫాల్స్ అని పెట్టడం మర్చిపోకు, లేకపోతే దగ్గర్లో ఉన్నదేదో తెచ్చి అంటగడుతుంది. దాని కొత్త రూపం ఎక్స్‌లుకప్ ఉంటే ఆ బెడద లేదు.

ఎక్సెల్‌తో అన్నీ అయిపోతాయని మాత్రం అనను. ఒక షీటులో 10,48,576 వరసలకి మించి పట్టవు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో అయితే 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్‌లో ఆ పాత ఫార్మాట్ వల్లే దాదాపు 16 వేల కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. నీ డేటా ఆ హద్దుకి దగ్గరవుతోందన్నా, ఒకే ఫైలుకి "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని మూడు పేర్లు పుట్టాయన్నా, అప్పుడు వెళ్లి ఐటీ వాళ్లని డేటాబేస్ అడుగు. అప్పటికి నీకేం కావాలో నీకు తెలిసి ఉంటుంది కాబట్టి వాళ్లకీ సుఖం.

ముందు ఒక నెల డేటా నాకు పంపు, ఆదివారం కాల్‌లో ఇద్దరం కలిసి చూద్దాం. పంపేటప్పుడు కస్టమర్ల ఫోన్ నంబర్ల కాలమ్ తీసేసి పంపు. హైడ్ చేసి కాదురా, తీసేసి. పివట్ ఒక్కటే కాపీ చేసి పంపుతాలే అని తెలివి చూపించకు, దాని కడుపులో డేటా మొత్తం ఉంటుంది.

ఇట్లు,
నీ చార్టుల బాధితుడు