పంచాంగం పక్కన పోటు, పాటు వేళలు కూడా అచ్చువేయండి

సంపాదక మహాశయులకు,

మీ పత్రిక లోపలి పుటలో ప్రతిరోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, సూర్యోదయ సూర్యాస్తమయ వేళలు అచ్చవుతాయి. కోస్తా జిల్లాల సంచికల్లోనైనా వాటి కింద మరో రెండు పంక్తులు చేర్చి, దగ్గరి రేవులో ఆ రోజు సముద్రం ఎప్పుడు పోటెక్కి నీరు పైకి లేస్తుందో, ఎప్పుడు పాటు తీసి నీరు దిగుతుందో ప్రచురించవలసిందిగా కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. అడుగుతున్నది చిన్న విషయమే అయినా, ఎందుకు అడుగుతున్నానో కొంత వివరంగా చెప్పనివ్వండి.

గత మాఘ పౌర్ణమి నాడు నేను కాకినాడ చూడడానికి వెళ్లాను. పొద్దున్నంతా ఊళ్లో తిరిగి, మధ్యాహ్నం మూడు దాటాక యానాం దారిలో సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోరంగి మడ అడవికి చేరుకున్నాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీరు, మంచినీరు కలగలిసిన బురదనేలలో పెరిగిన అడవి అది. అందులోని కాలువల వెంట పడవ మీద తిరగాలన్నది నా ఆశ. తీరా వెళ్లేసరికి కాలువలో నీరు అడుగంటి, పడవలు పక్కకు ఒరిగి బురదలో కూర్చుని ఉన్నాయి. నాలాగే వచ్చినవాళ్లు కొందరు పిల్లలకు సర్దిచెప్పుకుంటూ వెనుదిరుగుతున్నారు. ఒడ్డున కూర్చున్న పెద్దవయసు పడవ సరంగును "ఇక పడవ వెళ్లదా బాబూ?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా నన్నే తిరిగి అడిగారు: "ఇవాళ తిథేంటండీ మాస్టారూ?"

నేను మూడు దశాబ్దాలకు పైగా భూగోళశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చంద్రుని ఆకర్షణ వల్ల సముద్రజలం ఉబుకుతుందని, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వచ్చే పెద్ద పోటుపాట్లు పర్వవేలా తరంగాలని, అష్టమి ప్రాంతంలో వచ్చే చిన్నవి లఘువేలా తరంగాలని ఏటేటా నల్లబల్ల మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, భూమిని గీసి చెప్పినవాణ్ణి. ఆ పాఠాన్ని నా ప్రయాణానికి అన్వయించుకోవాలన్న ఆలోచన మాత్రం నాకు ఒక్కనాడూ రాలేదు. పౌర్ణమి రోజున పోటు ఎంత ఎత్తుకు లేస్తుందో పాటు అంత లోతుకు దిగుతుంది. సరిగ్గా ఆ దిగిన వేళకే నేను కాలువ ఒడ్డున నిలబడి పడవ కోసం చూస్తున్నాను. "రేపు తొమ్మిదిన్నర కల్లా వచ్చెయ్యండి, కాలవ నిండుగా ఉంటుంది. ఇప్పుడొచ్చారు కాబట్టి చెక్కవంతెన మీద నడవండి, పడవెక్కినోళ్లకు కనపడనియ్యి కనపడతాయి" అన్నారాయన.

ఆయన మాట విని అడవిలోకి వేసిన చెక్కవంతెన మీద నెమ్మదిగా నడిచాను. మడ చెట్ల చుట్టూ బురదలోంచి వేలికొసల్లాంటి వేళ్లు వేలకొద్దీ పైకి పొడుచుకుని వచ్చి ఉన్నాయి. గాలి ఆడని బురదలో పాతుకున్న చెట్టు ఊపిరి పీల్చుకునేది వాటితోనే. పోటు వేళ ఇవి నీట మునిగిపోతాయి కనుక పడవలో వెళ్లేవారికి వీటి జాడే తెలియదు. కాసేపు కదలకుండా నిలబడితే బురదకు ప్రాణం వచ్చింది. ముందుకాలు ఒకటి మాత్రం ఒంటికి మించి పెరిగిన చిన్న పీతలు బొరియల్లోంచి బయటికి వచ్చి, ఆ కాలును ఎవరినో పిలుస్తున్నట్టు ఆడించసాగాయి. నీటిలో ఉండవలసిన చేపలు కొన్ని రెక్కల మీద పాకుతూ, గెంతుతూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ కనిపించాయి. పాటు తీసిన బురద అంచున ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగి, పొడవాటి ముక్కులతో పురుగులను ఏరుకుంటున్నాయి. శీతకాలంలో ఉత్తరాది చలిదేశాల నుంచి ఎగిరివచ్చే ఆ పక్షులకు భోజనం వడ్డించేది పాటు ఒక్కటే. నీరు నిండితే వాటికి మేత ఉండదు, ఏ ఇసుకతిన్నె మీదనో ఒంటికాలిపై నిలబడి మళ్లీ నీరు దిగేదాకా కాచుకోవలసిందే. ఆ అడవిలో బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి. అవి రాత్రివేళల్లోనో, జనం లేనప్పుడో తిరిగే జంతువులు కాబట్టి నాకు కనపడలేదు. బురద మీద వరుసగా పడ్డ అడుగుజాడలు కొన్ని మాత్రం చూశాను. అవి బావురుపిల్లివో ఊరకుక్కవో తేల్చగల పాండిత్యం నాకు లేదు.

మరునాడు చెప్పిన వేళకే వెళ్లాను. అదే కాలువ, అవే చెట్లు, కాని నిన్న చూసిన అడవి అది కాదు. వేళ్లు, బొరియలు, బురద అన్నీ మాయమై, చెట్లు నేరుగా నీటిలోంచే మొలిచినట్టున్నాయి. కొమ్మలు పడవకు తగిలేంత దగ్గరగా వంగి ఉన్నాయి. సరంగు ఒక మడ ఆకు తుంచి నాలుకకు రాసుకోమన్నారు. ఆ చెట్టు పీల్చుకున్న ఉప్పును ఆకుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పిన ఆ సంగతి రుచి ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. తిల్ల చెట్టు దగ్గరికి రాగానే మాత్రం చేయి పెట్టవద్దని ముందే హెచ్చరించారు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, బల్లెంలా వేలాడుతుంది. అది పాటు వేళ రాలితే ఉన్నచోటనే బురదలో గుచ్చుకుని నాటుకుపోవచ్చు, పోటు వేళ రాలితే నీటిలో తేలి ఎక్కడికో వెళ్లి ఒడ్డు వెతుక్కుంటుంది. ఒక విత్తు తల్లిచెట్టు కిందే పెరుగుతుందా, దూరపు లంకకు చేరుతుందా అన్నది అది రాలిన గంటను బట్టి ఉంటుందన్నమాట.

ఇంత చెప్పినది అడవి గొప్పతనం వర్ణించడానికి కాదు. కోరంగిలో ఒకదానిపై ఒకటి పరిచినట్టు రెండు అడవులు ఉన్నాయి, ఏది చూస్తామో నిర్ణయించేది మనం వెళ్లే వేళ. సూర్యోదయం తెలియకపోయినా యాత్రికుడికి పెద్ద నష్టం లేదు, తెల్లవారితే వెలుగు దానంతట అదే వస్తుంది. పోటు వేళ అలాంటిది కాదు. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు ఏ రోజూ నిన్నటి గంటకు రాదు, సగటున 50 నిమిషాలు జరుగుతూ పోతుంది.

నిజానికి దీన్ని లెక్కకట్టడానికి మన పంచాంగమే చాలు. అమావాస్య నాడు ఒక రేవులో పోటు ఎన్నింటికి వచ్చిందో రాసిపెట్టుకుని, తిథి ఒక్కింటికి రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు, కలుపుకుంటూ పోతే, కొంత తేడాతో ఆ రోజు పోటు వేళ సుమారుగా వచ్చేస్తుంది. పౌర్ణమికి చేరేసరికి 12 గంటలు పూర్తయి మళ్లీ అదే అంకె దగ్గరికి వస్తాము. ఆ సరంగు తిథి అడిగింది అందుకే. ఆయనకు పర్వవేల, లఘువేల అన్న మాటలు తెలియకపోవచ్చు, నాకు మాటలే తెలుసు. కోరంగికి వెళ్లే దారిలోనే ఉన్న చొల్లంగిలో, గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసేచోట, పుష్య బహుళ అమావాస్య నాడు వేలమంది స్నానాలు చేసి, అక్కడి నుంచి అంతర్వేది వరకు, గోదావరి ఏడు పాయల సాగరసంగమాల్లో స్నానాలు చేసే సప్తసాగర యాత్ర సాగిస్తారు. సముద్రం బాగా పొంగే తిథినాడే సాగరస్నానం పెట్టుకున్న మన పెద్దలు ఈ లెక్కను ఎరిగే పెట్టుకున్నారా అన్నది పండితులు చెప్పాలి. నాకు మాత్రం అది కాకతాళీయం అనిపించదు.

పోటు పాట్ల ప్రభావం అడవితోనే ఆగదు. కాకినాడలో జగన్నాథపురం వంతెన మీద నిలబడి ఉప్పుటేరులోకి చూస్తే, స్తంభాల మీది తడిచార ఎంత మేరకు ఉందో దాన్నిబట్టి సముద్రం ఎక్కుతున్నదో దిగుతున్నదో తెలుస్తుంది. ఊరి నడుమ అంతకంటే చక్కని కొలబద్ద లేదు. ఎదురుగా సముద్రంలో ఇసుకదిబ్బగా సాగిన హోప్ ఐలాండ్ అలలకు అడ్డుగా నిలిచి కాకినాడ రేవును కాపాడుతుండగా, ఉత్తరాన ఉప్పాడ దగ్గర అదే సముద్రం రోడ్డును, ఇళ్లను కోసుకుపోతున్నది. వాయుగుండం వచ్చిన రోజున పర్వపు పోటు కూడా కలిస్తే ఆ దారిన వెళ్లడం ఎంత సాహసమో అక్కడివారికి చెప్పనక్కరలేదు, బయటి నుంచి బండి వేసుకుని వచ్చేవారికే చెప్పాలి.

ఫోన్లో చూసుకుంటే సరిపోతుంది కదా అని మీ పాఠకులు కొందరు అనవచ్చు. చూసుకోవచ్చు, కాని చూసుకోవాలన్న ఆలోచన రావాలి కదా. నాకే రాలేదు. రాహుకాలం నమ్మని వాడి కంట కూడా రాహుకాలం రోజూ పడుతూనే ఉంటుంది, అచ్చుకు ఉన్న బలం అది. పైగా ఈ అంకెలను మీరు కొత్తగా తయారు చేయవలసిన పని లేదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే పోటు పాట్ల పట్టికలు ప్రచురిస్తున్నది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం కూడా ఈ అంచనాలను అందిస్తున్నది. 970 కిలోమీటర్లకు పైబడిన మన తీరానికి విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, కృష్ణపట్నం రేవుల వేళలు ఇస్తే చాలావరకు సరిపోతుంది.

అచ్చువేసేటప్పుడు రెండు ముక్కలు జోడించమని మనవి. ఒకటి, ఆ వేళలు సముద్రపు ఒడ్డువి. అడవి కాలువల్లో లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. రెండు, గోదావరికి వరద వచ్చినప్పుడు, వాయుగుండం ఉన్నప్పుడు ఏ పట్టికనూ నమ్మకూడదు, ఆ రోజుల్లో పడవ సరంగు మాటే ప్రమాణం.

ఇంకొక సందేహం నన్ను కూడా కొంత కలవరపెట్టింది. వేళలు తెలిస్తే జనం మరింతగా వచ్చి అడవిని పాడుచేస్తారేమో. పాటు వేళ చెక్కవంతెన మీంచి నేను చూసినవాటిలో ఊపిరివేళ్లకు చుట్టుకున్న ప్లాస్టిక్ సంచులూ ఉన్నాయి. మరునాడు పోటులో అవీ మునిగి కనపడకుండా పోయాయి. నిండుకాలువను మాత్రమే చూసి వెళ్లేవాడికి తాను విసిరిన సీసా ఎక్కడికి పోయిందో తెలియదు, నీరు దిగాక చూసినవాడికి తెలుస్తుంది. కనుక వచ్చేవాళ్లు ఎటూ వస్తారు కాబట్టి, కొందరైనా పాటు వేళ చూసుకుని రావడమే అడవికి మేలని నా అభిప్రాయం. మరొక మాట, ఎండలు ముదిరాక అక్కడ పగలు తిరగడం కష్టం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఉదయం పూటే వస్తుంది కనుక వేసవిలో పడవ ప్రయాణానికి ఆ తిథులు అనుకూలం. పక్షుల కోసమైతే మాఘం దాటకముందే వెళ్లాలి.

వీలైతే రాబోయే చొల్లంగి అమావాస్య నాటి సంచికతో ఈ రెండు పంక్తులు మొదలుపెట్టండి. ఆ తెల్లవారుజామున పిల్లలతో, ముసలివారితో నీటిలో దిగే కుటుంబాలకు నీరు ఎక్కుతున్నదో తీస్తున్నదో ముందే తెలిసి ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు