ధర, హార్స్‌పవర్ వేశారు బాగుంది, టైర్ల ఖర్చు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది మీ పేపర్ ఆటో పేజీ క్లిప్పింగ్ ఒకటి వాట్సాప్‌లో పంపాడు. సెకండ్ హ్యాండ్ జర్మన్ పెర్ఫార్మెన్స్ సెడాన్లు సగం రేటుకే దొరుకుతున్నాయి, కొత్త ఎస్‌యూవీ కొనే డబ్బులతో మూడొందల హార్స్‌పవర్ దాటిన బండి ఇంటికొస్తుంది అని రాశారు. ఫొటోలు, వాటి కింద హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, రేటు, అంతే. వాడు ఇప్పుడు బీఎండబ్ల్యూ ఎం340ఐ కొంటానని కూర్చున్నాడు. మీరు రాసింది తప్పని అనట్లేదండి, సగమే రాశారంటున్నా. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో పోయినేడాది లోటస్ ఎలీస్ అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు ఇచ్చేసి 2009 మోడల్ బీఎండబ్ల్యూ ఎం3, నాలుగు డోర్లది, మాన్యువల్ గేర్లది తీసుకున్నాను, కాబట్టి మిగిలిన సగం నేను రాస్తాను, జాగా ఉంటే వేయండి, ఎక్కువైతే కత్తిరించండి.

ముందు ఎలీస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మనవైపు రోడ్ల మీద అది దాదాపు కనపడదు. నార్‌విచ్ దగ్గర హెథెల్ అని చిన్న పల్లె ఉంది, అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్‌లో లోటస్ వాళ్ల ఫ్యాక్టరీ, 1966 నుంచీ అక్కడే. ఎలీస్ 1996లో మొదలై 2021లో ఆగిపోయింది. అల్యూమినియం ముక్కల్ని వెల్డింగ్ చేయకుండా జిగురుతో అతికించి చాసిస్ చేశారు, అది ఒక్కటే తూకం వేస్తే 70 కిలోలు కూడా రాదు, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ. మొదట్లో వచ్చిన ఎలీస్ మొత్తం బరువు 725 కిలోల దగ్గర ఉండేది, అంటే మన మారుతి 800 కంటే కాస్త ఎక్కువ. నాది తర్వాత వచ్చిన టొయోటా ఇంజిన్‌ది, 1.8 లీటర్లు, 190 హార్స్‌పవర్, బరువు 860 కిలోలు.

పవర్ స్టీరింగ్ ఉండదు, ముందు టైర్లు 175 సైజువి, అంటే మన హ్యాచ్‌బ్యాక్‌లకి వేసే వెడల్పే. ఇరుకు పల్లె రోడ్ల మీద 60, 70లో పోతున్నా ఒళ్లంతా మెలకువగా ఉంటది, రోడ్డు ఎక్కడ తడిగా ఉందో ఎక్కడ ప్యాచ్ వేశారో చేతికి తెలిసిపోతది, బ్రేక్ మీద కాలు పెట్టీ పెట్టకముందే ఆగుతుంది. స్పీడ్ అంటే మీటర్ మీద నంబర్ అనుకునేవాళ్లకి దీన్ని మాటల్లో చెప్పడం కష్టమండి, ఒకసారి కూర్చోవాలి.

ఆ కూర్చోవడమే గొడవ. మొదట పక్కనున్న వెడల్పాటి అంచు మీద కూర్చుని, ఒక కాలు లోపల పెట్టి, తల వంచి, అప్పుడు రెండో కాలు లాక్కోవాలి. తెనాలి నుంచి వచ్చిన నాన్న ఎలాగో ఎక్కారు గానీ దించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది, "ఇదేం బండిరా, దీనికంటే మన స్టాండ్‌లో ఆటో నయం" అన్నారు. డిక్కీ ఇంజిన్‌కి ఆనుకుని వెనకాల ఉంటుంది, ఇండియన్ షాపులో పెరుగు కొని అందులో పెడితే ఇంటికొచ్చేసరికి వెచ్చబడిపోద్ది. సీట్లు రెండే. రెండో పాప పుట్టాక ఎవర్ని ఎక్కించుకోవాలి ఎవర్ని వదిలేయాలి అన్న ప్రశ్నే లేదు, అందరూ ఇంకో కార్లో, ఇది షెడ్లో.

అమ్మేస్తున్నానంటే ఇక్కడి ఫ్రెండ్స్ తిట్టారు, ఎలీస్ అమ్మినవాడు మళ్లీ కొనలేడు రేట్లు పెరుగుతున్నాయి అని. ఇండియాలో చుట్టాలు వేరేగా తిట్టారు, పదిహేనేళ్ల పాత బీఎండబ్ల్యూకి అంత పోస్తావా, ఆ డబ్బుతో కొత్తది వస్తుంది కదా అని. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కొత్తలో ఎలీస్ 30 వేల పౌండ్లలోపు, ఎం3 ఏమో 50 వేల చుట్టుపక్కల. ఇన్నేళ్లయ్యాక ఆ లెక్క తిరగబడింది, ఎలీస్ అమ్మగా వచ్చినదాంట్లోనే ఎం3 కొని ఇంకా కొంత మిగిలింది. చిన్నదేమో రేటు నిలబెట్టుకుంది, పెద్దదేమో పడిపోయింది. ఎందుకు పడిందో ఆలోచించండి సార్, ఊరికే పడదు. పడింది కారు రేటు ఒక్కటే, దాని బ్రేక్ డిస్క్ రేటు పడలేదు, ఇంజిన్ ఆయిల్ రేటు పడలేదు, మంచి మెకానిక్ గంటకి తీసుకునేది పెరిగింది కూడా. మీ ఫీచర్‌లో ఈ ముక్క ఒక్కటి ఉండుంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

ఎం3 బరువు 1600 కిలోల పైనే, ఎలీస్‌కి ఇంచుమించు రెట్టింపు. ఇంజిన్ 4 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, 420 హార్స్‌పవర్, 8300 ఆర్‌పీఎం దగ్గర. మరి రెట్టింపు పవర్ ఉంది కదా ఎంత తేడా ఉండాలి అంటారా, సున్నా నుంచి వందకి రెండూ 5 సెకన్ల అటూ ఇటూనే. మిగిలిన పవరంతా బరువు మోయడానికే సరిపోయింది. ఆ బరువుని ఆపడానికి ముందు 360 మిల్లీమీటర్ల డిస్కులు, పట్టుకోడానికి ముందు 245, వెనక 265 టైర్లు, ముందువి వెనక్కి మార్చడానికీ లేదు. ఆయిల్ 10డబ్ల్యూ60 గ్రేడ్, దగ్గర దగ్గర 9 లీటర్లు పోయాలి. పెట్రోల్ కంపెనీ లెక్కలోనే లీటర్‌కి 8 కిలోమీటర్లు, ఊళ్లో అదీ రాదు, ఎలీస్ 12 ఇచ్చేది. దీని పొగ లెక్క ప్రకారం ఇక్కడ రోడ్ ట్యాక్స్ పై బ్యాండ్, ఏడాదికి 700 పౌండ్లు దాటుతుంది. ఇవన్నీ తెలిసే కొన్నా కాబట్టి ఏడుపు లేదు, కానీ తెలియకుండా కొన్నవాళ్లని చూశాను, నాలుగు చక్రాలకి నాలుగు రకాల చీప్ టైర్లు వేసుకుని తిరుగుతుంటారు, ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు.

అలాంటిదే ఒకటి మొదట చూడ్డానికి వెళ్లా. డీలర్ దగ్గర, పేరెందుకు లెండి. పెయింట్ అద్దంలా ఉంది, చక్రాలు నల్లరంగు, సైలెన్సర్ మార్చేసి ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది, నేను వస్తున్నానని ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట, చల్లటి ఇంజిన్ ఎలా మోగుతుందో నాకు వినపడకూడదు. సర్వీస్ బుక్ ఏదంటే కంప్యూటర్‌లో ఉంటదండి అన్నాడు. ఇక్కడ మూడేళ్లు దాటిన ప్రతి కారుకీ ఏడాదికోసారి ఎంఓటీ అని టెస్ట్ చేస్తారు, నంబర్ ప్లేట్ కొడితే ఆ హిస్టరీ అంతా ఫ్రీగా ఫోన్‌లో వస్తుంది, ఏ ఏడాది ఎన్ని మైళ్లు తిరిగింది, ఎందుకు ఫెయిలయ్యింది, టైరు అరిగిందని ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు, అన్నీ. అక్కడే నిలబడి చూసుకుని వచ్చేశా.

నేను కొన్నది ఒక రిటైర్డ్ ఇంజినీర్ దగ్గర. పెద్దాయన ముందు కారు చూపించలేదు, వంటింటి టేబుల్ మీద ఫైల్ పెట్టి టీ ఇచ్చారు. ఆ ఫైల్‌తో పాటు చిన్న జిప్ కవర్, అందులో పాత బేరింగ్ షెల్స్. ఈ వీ8కి ఒక తెలిసిన జబ్బుంది, క్రాంక్ దగ్గర కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగిపోతాయి, మరీ అరిగితే ఇంజినే పోతుంది, అందుకని బాగా చూసుకునేవాళ్లు ముందే మార్పించేస్తారు. ఆ షెల్స్ చేతిలో పెట్టుకుని వెలుతురులో చూస్తే పైనుండాల్సిన బూడిదరంగు పొర పోయి మధ్యలో రాగి మెరుస్తోంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్ యాక్చుయేటర్లు రెండూ మార్చిన బిల్లు కూడా ఉంది, అదీ ఈ బండికి మామూలే. నేను రేటు తగ్గించమని గట్టిగా అడగలేదు, అడగబుద్ధి కాలేదు.

నడపడం ఎలా ఉందంటారా. పొద్దున స్టార్ట్ చేస్తే ఆర్‌పీఎం మీటర్ చుట్టూ లైట్లు వెలుగుతాయి, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఇంతకంటే పైకి తొక్కొద్దని, ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆ లైట్లని లెక్కచేయని ఓనర్ చేతిలోంచి వచ్చిన బండి మీకొద్దు. అన్నీ ఆరాక మోటార్‌వే మీదికెక్కి మూడో గేర్‌లో 8 వేల దాకా లాగితే వచ్చే శబ్దం, మా పెద్దది వెనకాల చైల్డ్ సీట్లోంచి "మళ్లీ చెయ్యి నాన్నా" అంటది, మా ఆవిడ మాత్రం చేయి పట్టుకుంటది. నాన్న ఈసారి వచ్చినప్పుడు ముందు సీట్లో హాయిగా కూర్చుని నిద్రపోయారు. కానీ ఇందులో సరదా వచ్చేసరికి స్పీడ్ ఎక్కువైపోయి ఉంటది, లైసెన్స్ మీద పెనాల్టీ పాయింట్లు పడే స్పీడ్. ఎలీస్‌లో 60కే దొరికేది ఇందులో 60కి దొరకదు, అప్పుడు మీకిది మంచి సెడాన్, అంతకుమించి ఏం కాదు. ఇంట్లో అందరికీ పనికొచ్చే బండి కావాలి కాబట్టి నాకిదే కరెక్ట్, ఒంటరిగా ఉండుంటే మార్చేవాణ్ణి కాదు.

మధ్యలో ఒక మాట. తేలికపాటి కార్లకి పేరుపడ్డ ఆ లోటస్సే 2023 నవంబర్‌లో ఇండియాకొచ్చింది, దేంతో వచ్చిందంటే ఎలెట్రే అనే కరెంటు ఎస్‌యూవీతో, రెండున్నర టన్నుల బరువు, రెండున్నర కోట్ల పైన ధర. కంపెనీ ఇప్పుడు చైనా గీలీ వాళ్ల చేతిలో ఉంది లెండి, ఆ బండి తయారయ్యేది కూడా వూహాన్‌లో. మనవాళ్లకి తేలికబండి ఎలా ఉంటదో చూపించకుండానే బరువుబండి దించేశారు.

సరే, మా బావమరిది సంగతి. ఎం340ఐ చెడ్డ ఎంపిక కాదు, చెన్నైలో బిగిస్తున్నారు కాబట్టి పార్టులు, సర్వీసు ఇంపోర్టెడ్ బళ్లంత కష్టం కాదు, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి గట్టిదని మంచి పేరుంది. పాత స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ దొరికినా మంచిదే, ఇంకా తేలిక కూడా, కానీ 2017లో 500, 2020లో 200 మాత్రమే అమ్మారు కాబట్టి ఉన్నవాళ్లు వదలరు. నా భయం కారు మీద కాదండి, దాని చరిత్ర తెలుసుకునే దారి మనకి లేకపోవడం మీద. మనకి సొంత కారుకి 15 ఏళ్లు నిండేదాకా ఫిట్‌నెస్ అడిగేవాడు లేడు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వస్తుందో మీకు నేను చెప్పాలా. వాహన్ అనే గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఓనర్లు ఎంతమంది, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా తెలుస్తుంది, ఏడాదికేడాది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలీదు. మీటర్ వెనక్కి తిప్పడం ల్యాప్‌టాప్ ఉన్నవాడికి టీ తాగినంతసేపు పని.

వరద సంగతి ఇంకోటి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, మధ్యలో చెన్నై, ఎన్ని కార్లు సీట్ల దాకా మునిగాయో అందరం టీవీలో చూశాం. ఇంగ్లండ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేసిన కారుని మళ్లీ రోడ్డెక్కిస్తే దానికి ఎస్ అనో ఎన్ అనో కేటగిరీ ఉంటుంది, చెక్ చేస్తే బయటపడుతుంది. మన ఆర్‌సీ మీద ఈ కారు మునిగిందని ఎక్కడుంది? ఇంత ఎలక్ట్రానిక్స్ ఉన్న బండిలోకి నీళ్లు చేరితే ఆ రోజు ఏం కాదు, ఏడాదికి మొదలవుద్ది. కార్పెట్ లేపి కింద ఒండ్రు ఉందేమో, సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో చూడమని వాడికి చెప్పా. అమ్మేవాడు మొహమాటపెట్టినా సరే లేపి చూడమన్నా.

తర్వాత రీమ్యాపింగ్. ఈ బళ్లు కొన్న కుర్రాళ్లలో చాలామంది స్టేజ్ 1 అనీ 2 అనీ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుకుని, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిళ్లు తొక్కి, అమ్మేముందు పాతది ఎక్కించేస్తారు, 120 లిమిట్ ఉన్న రోడ్డు అది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి డబ్బు కట్టి ఇన్‌స్పెక్షన్ చేయించాలి, అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే జవాబు వచ్చేసినట్టే. వారంటీ, సర్వీస్ ప్యాకేజీ మిగిలి ఉన్నాయంటే పేరు మారాక కూడా వస్తాయని రాసివ్వమనాలి. ఢిల్లీ బండి చౌకని తెచ్చుకుంటే ఎన్‌ఓసీ, మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకోవాలి. ఇంకా పాత ఇంపోర్టెడ్ యూరప్ బళ్లయితే ఇప్పుడు బంకుల్లో పోసే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ కోసం తయారైనవి కావు, అది కూడా రాయండి.

నా విన్నపం చిన్నదే. ఇకముందు ఇలాంటి కార్ల గురించి వేసేటప్పుడు ఆ ఫొటో కింద హార్స్‌పవర్ పక్కనే నాలుగు టైర్ల సెట్ రేటు, ముందు బ్రేకులు డిస్కులతో సహా మార్చే ఖర్చు, ఏడాది ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి బరువు, ఈ నాలుగు అంకెలు వేయండి. సున్నా నుంచి వంద సెకన్లు తీసేసినా పర్లేదు, అవి కుర్రాళ్లకి ఎలాగూ నోటికొచ్చు.

ఇట్లు,
ఓ పాత పాఠకుడు
కేంబ్రిడ్జ్, ఇంగ్లండ్ (సొంతూరు తెనాలి)