మద్యం అమ్మే వేళ పెంచినప్పుడు హెల్ప్‌లైను నంబరు కూడా పెట్టండి

సంపాదకుడు గారికి,

డిసెంబరు 31 దగ్గర పడుతోంది. ఆ రాత్రి మద్యం అమ్మకాల వేళ పెంచడం, పోలీసులు బండ్లాపి గొట్టంలో ఊదించడం మన వైజాగ్‌లో మామూలైపోయింది. ఆ వెనకే సంక్రాంతి. మందు మానేసినవాడికి ఈ మూడు వారాలు ఎలా గడుస్తాయో ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం.

నేను మానేసి ఐదేళ్లు. అంతకుముందు దాదాపు పాతికేళ్లు తాగాను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది చూడండి, సరిగ్గా ఆ ఏడే మొదలుపెట్టాను (ఎక్కడ దొరికిందని అడక్కండి). 1997లో నిషేధం ఎత్తేసేసరికి అలవాటు ముదిరిపోయింది. కాబట్టి దుకాణాలు మూసేయమని నేను అడగబోవడం లేదు.

ముందు, జనవరి ఒకటిన ఒట్టు పెట్టుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. నేనూ ఒకసారి అలాగే పెట్టుకున్నాను. అప్పటికి పొద్దున్న లేస్తూనే తాగే స్థితి. రెండో రోజుకి చేతుల్లో టీ గ్లాసు నిలవలేదు. మూడో రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నాయని, దులపమని మా ఆవిడ మీద కేకలేశాను. గోడ మీద ఏమీ లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆపేస్తే ఇలా అవుతుందని, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికీ రావచ్చని ఆస్పత్రిలో డాక్టరు చెబితే తెలిసింది. రోజూ తాగేవాడు మానాలనుకుంటే ముందు డాక్టరుకి చూపించుకోవాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెబితే మొహం ముడుచుకునేవాళ్లే ఎక్కువ, నేనూ ముడుచుకున్నవాణ్నే.

ఇక సంక్రాంతి. పిల్లల బట్టలు, చిట్టీ డబ్బులు, ఊరెళ్లడానికి టిక్కెట్లు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి, ఎక్కాక కూడా నిలబడి, భోగినాటికి ఒళ్లు హూనం. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏది ముదరనిచ్చినా చెయ్యి గ్లాసు మీదికి పోతుందని మా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగుల్లో చెబుతారు. పండగ నాలుగూ కలిపి తెస్తుంది, చుట్టూ ఇంటినిండా జనం ఉన్నా ఒంటరితనంతో సహా. నేనైతే నలుగురిలో కూర్చునే ముందు కడుపు నిండా తినేస్తాను. చిన్న విషయమే గానీ పనిచేస్తుంది.

మానేసిన మొదటి కనుమకి అత్తారింట్లో ఉన్నాను. "కనుమ నాడు కాకి కూడా కదల్దు, నువ్వెక్కడికి బావా, కూకో" అని బావమరిది స్టీలు గ్లాసులో థమ్సప్ ఇచ్చాడు. నోటి దాకా తెచ్చాక వాసన తగిలింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. "పండగ పూట ఒక్క పెగ్గే గదా!" వాళ్లకి అది సరదా, నాకు మళ్లీ ఆ చీమల గోడ. గ్లాసు పెరట్లో అరటి మొదట్లో పారబోసి, దొరికిన బస్సెక్కి గాజువాక వచ్చేశాను. అల్లుడు మినప గారె ముట్టకుండా వెళ్లిపోయాడని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు.

పాఠకులకి నా మనవి ఇంతే: మానేశానన్నవాణ్ని ఎందుకు, ఎన్నాళ్లు అని ఆరా తీయకండి. గ్లాసులో ఏం పోశారో నిజం చెప్పండి.

అధికారులకి ఇంకొకటి. 14446 వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైను, 14416 మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్. రెంటికీ డబ్బులక్కర్లేదు. అమ్మే వేళ పెంచుతూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ప్రతి దుకాణం కౌంటరు మీద ధరల బోర్డంత అక్షరాలతో ఈ నంబర్లు ఉండాలని అదే కాగితంలో రాయొచ్చు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే పోలీసులు కేసు పెడతారు, మొదటిసారికే పదివేలు జరిమానా పడొచ్చు. చేతిలో పెట్టే ఆ చలానా మీదే నంబరు అచ్చేస్తే ఎంత ఖర్చు? మర్నాడు పొద్దున తలనొప్పితో లేచి ఆ కాగితాన్ని మనిషి మళ్లీ చూసుకుంటాడు. ఆ పొద్దులు నాకు బాగా తెలుసు.

పత్రికల్లో పేరు చెప్పుకోకూడదన్నది ఏఏ నియమం. నా చిరునామా మీకు విడిగా పంపాను, దయచేసి వేయవద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం