బ్రూనో కోసం పెరడు

పట్టాభిపురం, గుంటూరు

ఒరేయ్ చిన్నా,

నీ ఫోను వచ్చి ఇవాళ్టికి పదహారు రోజులు. పనిలో ఉంటావని తెలుసు, దాని గురించి దెప్పడానికి రాయడంలేదు. నీ కుక్క బ్రూనో కోసం పెరట్లో పని దాదాపు అయింది, అది చెబుదామని.

మెట్ల పక్క గన్నేరు తీయించేశాను. నాయనమ్మ నాటిన చెట్టని మీ నాన్న బాధపడ్డారు. కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. కుక్క కాస్త నమిలినా గుండె లయ తప్పుతుంది. సాంబయ్య కొమ్మలు తగలబెట్టబోతే ఆపాను, ఆ పొగ కూడా మంచిది కాదు. గేటు దగ్గరి సైకస్ మొక్కల కుండీలు మీ అత్తయ్య తీసుకెళ్ళింది. వాటి గింజ తింటే కుక్కకి కాలేయం పాడవుతుంది. కలబంద, మనీప్లాంటు మేడెక్కాయి. మందారం, మల్లె ఉన్నచోటే ఉన్నాయి, వాటితో భయంలేదు.

దసరాకి రావట్లేదని పిన్నితో అన్నావట. నేను నమ్మలేదు.

ఎరువు సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. వెనకింటివాళ్ళ లాబ్రడార్ గుర్తుందా? పోయిన శ్రావణంలో వాళ్ళు గులాబీలకి నూనె తీయగా మిగిలిన ఆముదం పిండి, ఎముకల పొడి కలిపి వేశారు. ఆ ఎముకల వాసనకి అది రాత్రికి రాత్రే మూడు పాదులు తవ్వి మట్టితో సహా తినేసింది. తెల్లారి వాంతులైతే అజీర్తి అనుకుని పెరుగన్నం పెట్టారు. సాయంత్రానికి నెత్తురు విరేచనాలు. నేను వెళ్ళేసరికి గచ్చు మీద పక్కకి ఒరిగి ఉంది, నన్ను చూసి తోక కొద్దిగా ఎత్తి మళ్ళీ దించేసింది. ఎవరో ఉప్పునీళ్ళు తాగించబోతే వద్దన్నాను. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం తీస్తుంది. ఎరువు సంచీ పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరు ఆ సంచీ చూసి వెంటనే సెలైన్ ఎక్కించారు. నాలుగు రోజులకి లేచింది. ఆముదం గింజలోని రిసిన్ అనే విషం నూనెతో పోదు, పిండిలోనే ఉండిపోతుంది. దానికి విరుగుడు లేదు. నీ బాల్కనీ కుండీలకి ఏం వేస్తున్నావో సంచీ మీద చదువు. సేంద్రియం అన్నంత మాత్రాన కుక్కకి మంచిదని కాదు నాన్నా. మన పాదులకి ఇక వర్మీకంపోస్టే, పాదుకి రెండు దోసిళ్ళు.

లాడ్జి సెంటర్ కొట్లో జీఐ మెష్, అంటే జింకు పూత ఉన్న ఇనుప వల, తెచ్చాం. వెనక కంచె వెంబడి అడుగు లోతు పాతి, కింది అంచు లోపలివైపు వంచాం. నిలువుగా పాతితే కుక్క దాని కిందనుంచి తవ్వుకుపోతుంది. గేటు కింద సందుకి రేకు కొట్టించాను. సంపు మూతకి గడియ పెట్టించాను. ఎలకల మందు ఇంట్లో లేకుండా చేశాను. ఆ మందు తిని చచ్చిన ఎలకని నోట కరిచినా ప్రమాదమే.

వానలకి కప్పలొస్తాయి. బ్రూనో కప్పని కరిచి నురగ కక్కితే నీళ్ళు పోయకు, మింగేస్తుంది. తల కిందికి వంచి తడిగుడ్డతో చిగుళ్ళు తుడుస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మధ్యాహ్నం గచ్చు మీద చేతి వెనకవైపు ఆనించు. ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాన్నీ నడిపించకు.

నువ్వు సరిగ్గా తింటున్నావా? ఫొటోలో చెంపలు లాగేశాయి.

జామచెట్టు కింద నీడ బాగుంది, నీళ్ళ తొట్టి అక్కడే పెట్టాను. బ్రూనోకి పట్టీ కొనాలి. మెడ ఎన్ని అంగుళాలో కొలిచి చెప్పు. మెసేజ్ పెట్టకు, ఫోను చేసి చెప్పు.

అమ్మ