క్యాసెట్ పాటల స్వరలిపిలో తప్పులు: తిరిగి రాయించవలసిందిగా ఫిర్యాదు

విజయనగరం.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మా అమ్మగారు పాడిన 14 కృతుల క్యాసెట్లను డిజిటల్ చేయించి, వాటికి తెలుగులో స్వరలిపి (పాటను సరిగమలుగా చూపే రాత) రాసి ఇమ్మని మీ సంస్థకు 8,400 రూపాయలు చెల్లించాను. సంగీతం తెలిసినవారే విని, సరిచూసి ఇస్తారని మీ ప్రతినిధి ఫోనులో చెప్పిన మాట నమ్మి ఈ పని అప్పగించాను. నెల తిరిగాక వచ్చిన కాగితాలు చూస్తే, ఆ పాటలను చెవిపెట్టి విన్నవారు ఒక్కరూ లేరని మొదటి పుటలోనే అర్థమైంది.

ఆ పుటలో ఉన్నది తోడి రాగ కృతి. తోడిలో సాధారణ గాంధారం అనే ‘గ’ కదలకుండా నిలిచే స్వరం కాదు. రిషభానికీ (రి) మధ్యమానికీ (మ) నడుమ ఊగే కంపితంలోనే అది గాంధారంగా వినిపిస్తుంది. అమ్మగారు పాడినదీ అలాగే. మీ కాగితంలో మాత్రం ఆ ఒక్క స్వరం వచ్చిన ప్రతిచోటా ‘రి మ రి మ’ అని నాలుగు స్వరాలు విడివిడిగా వేశారు. ఇది యంత్రం రాసిందే తప్ప రాగం ఎరిగిన మనిషి రాసింది కాదు. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి ఆ కాగితం పట్టుకుని ఉన్నది ఉన్నట్టు పాడితే, పక్క గదిలో ఉన్న మా నాన్నగారు లేచి వచ్చి, “మీ అమ్మ పాడిందేనా ఇది?” అని అడిగారు. ‘గ’ అని రాసి, స్వరాన్ని ఎలా ఊపాలో చెప్పే గమకపు గుర్తు పైన పెడితే సరిపోయేది. తెలుగులో అటువంటి గుర్తులు లేవనడానికీ వీల్లేదు. సుబ్బరామ దీక్షితులవారు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలోనే గమకాలకు వేర్వేరు గుర్తులు అచ్చై ఉన్నాయి.

తాళమూ తప్పింది. ఆదితాళంలో ఆ పల్లవిని సమం (తాళపు మొదటి దెబ్బ) మీద కాక, సమం దాటిన అర క్రియకు, అంటే అర దెబ్బకు ఎత్తుకోవాలి. మీవారు పాట మొదటి అక్షరాన్నే సమంగా పట్టుకున్నందువల్ల చివరిదాకా ప్రతి ఆవర్తం, అంటే తాళపు ప్రతి చుట్టూ, పక్కకు జరిగింది. అమ్మగారు తొడమీద తాళం వేస్తున్న చప్పుడు రికార్డింగులో స్పష్టంగా వినబడుతూనే ఉంది. స్వరం పై స్థాయిదో కింది స్థాయిదో చూపే చుక్కలు చాలాచోట్ల లేనేలేవు.

వీటన్నిటికన్నా నన్ను బాధించింది శంకరాభరణ కృతి. రికార్డింగులో పల్లవికి ఆరు సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) ఉండగా మీ కాగితంలో మూడే ఉన్నాయి. అవి కూడా నేను పాఠం చెప్పే పుస్తకంలో ఉన్నట్టే, కామాతో సహా. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన మా ఊరి సంగీత కళాశాలలో అమ్మగారు గురుముఖతః నేర్చుకున్న సంగతులు మిగతా మూడూ. నేను డబ్బు కట్టింది వాటి కోసమే.

కనుక కర్ణాటక సంగీతం క్షుణ్ణంగా తెలిసినవారి చేత 14 కృతులకూ స్వరలిపి మళ్లీ రాయించి, ముందుగా తోడి పల్లవిని నాకు పంపి, నేను సరేనన్నాకే మిగతావి మొదలుపెట్టించగలరు. అది మీకు సాధ్యం కాకపోతే 15 రోజుల్లో పూర్తి సొమ్ము వాపసు చేయగలరు. రెండూ జరగని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. తప్పులను ఎర్ర సిరాతో గుర్తించిన ప్రతినీ, రసీదు నకలునూ జతపరుస్తున్నాను.

ఇట్లు,
ఒక సంగీత ఉపాధ్యాయురాలు