మార్చి నుంచి మే దాకా మా దగ్గర కప్లర్లు కొన్నవాళ్లకు

ముందు అసలు సంగతి. ఈ వేసవిలో, మార్చి రెండో వారం నుంచి మే చివరి దాకా, నల్ల పైపుకు వేసే 63 ఎంఎం, 32 ఎంఎం కాంప్రెషన్ కప్లర్లు (రెండు పైపు కొనలను నట్టు బిగించి కలిపే ముక్కలు) మా షాపులో కొన్నవాళ్లలో కొందరికి నాసిరకం సరుకు వచ్చింది. తెచ్చింది నేనే, అమ్మిందీ నేనే. పక్క ఊళ్లో ధర తగ్గించి అమ్ముతున్నారని, మన రైతులు అటు పోతున్నారని గాబరా పడి, ఏజెంటు చూపించిన తక్కువ రకం మూడు బస్తాలు దించుకున్నాను. ఒక్కటన్నా విప్పి చూడలేదు. మా నాయన ఉన్నప్పుడైతే సరుకు దిగగానే బస్తాకొకటి తీసి, గడప మీద కూర్చుని విప్పి చూసేవాడు. నాకు ఆ తీరిక లేదనుకున్నాను.

ఆ కప్లర్లు తెస్తే మార్చి ఇస్తాను. బిల్లు లేకపోయినా ఏం కాదు. ఎలా గుర్తుపట్టాలో చివర్లో రాశాను. కానీ వెనక్కి వచ్చినవాటిలో తప్పంతా సరుకుది కాదు, ఆ మాట కూడా చెప్పాలి కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మే నెలలో ఒక రోజు పొద్దున ఏడింటికి ఫోను వచ్చింది. కరెంటు వచ్చి పావుగంట కూడా కాలేదట. "అన్నా, నువ్విచ్చిన కప్లరు ఊడిపోయింది, నీళ్లన్నీ పక్కోళ్ల చేలో పారుతున్నాయి." బండేసుకుని పోయాను. చీనీ (బత్తాయి) తోట, బోరు నుంచి గట్టు మీది తొట్టికి 63 ఎంఎం పైపు లాగారు. కప్లరు ఒక కొనకు అట్లే ఉంది. రెండో కొన జారి బయటికొచ్చి మూరెడు దూరంలో బురదలో ఉంది. కొన కడిగి చూస్తే పైపు మీద సన్నని గీతలు, పొడుగ్గా, దువ్వెనతో గీసినట్టు. అంటే కప్లరు లోపలి పళ్లు పైపును కరిచి పట్టుకోలేక గీరుకుంటూ జారాయి. అది సరుకు తప్పు. అయితే ఆ గీతలు పైపు కొన నుంచి రెండు వేళ్ల వెడల్పులోనే ఆగిపోయాయి. నాలుగు వేళ్లు లోపలికి పోవాల్సిన పైపు రెండు వేళ్లే పోయింది. కొన కూడా కొడవలితో కోసినట్టు ఏటవాలుగా ఉంది. అది బిగించినవాళ్ల తప్పు. ఎవరిది ఎంత అని ఆ బురదలో నిలబడి పంచుకోలేం కదా. ఇంకొక కప్లరు వేసి, డబ్బు తీసుకోకుండా వచ్చేశాను.

షాపుకొచ్చి మిగిలిన బస్తాలోంచి పది తీసి విప్పాను. పక్కన మేము ఎప్పుడూ అమ్మే రకం ఒకటి పెట్టుకున్నాను. చూసేవాళ్లకు రెండూ ఒకటే, నల్ల బాడీ, నీలం నట్టు. మేకులు తూచే కాటాలో వేస్తేనే తేడా తెలిసింది. తక్కువ రకం తేలిగ్గా ఉంది, బాడీ గోడ పలచన. లోపల తెల్లటి రింగు ఉంటుంది చూడండి, ఒక చోట చీలి ఉండేది, దాని పళ్లను గోరుతో గీరితే గీత పడింది. మంచి రింగు గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు, పళ్లు వేలికి గుచ్చుకుంటాయి. రబ్బరు రింగు చుట్టూ అచ్చు కలిసిన చోట ఒక గీత ఉబ్బెత్తుగా ఉంది. ఆ గీత పక్కనుంచే నీరు చెమరుస్తుంది.

దీని పని ఎలా సాగుతుందో తెలిస్తే సగం గొడవలుండవు. కాంప్రెషన్ ఫిట్టింగులో పనిచేసేవి రెండు. రబ్బరు రింగు నీళ్లను ఆపుతుంది. పళ్ల రింగు పైపును పట్టుకుంటుంది. నట్టు బిగించే కొద్దీ పళ్ల రింగు సన్నబడే దారిలోకి నెట్టుకుపోయి పైపును నొక్కుతుంది. అంతే, నట్టు మరలకు నీళ్లు ఆపే పనే లేదు. కాబట్టి నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి ప్రయోజనం లేదు. మన మేస్త్రీలలో చాలామంది చుట్టలు చుట్టలుగా చుడతారు, నేను ఎన్నిసార్లు చెప్పినా "ఉండనీలే అన్నా, ధైర్యంగా ఉంటది" అంటారు. నిజానికి టేపు మందంగా పడితే నట్టు సరిగ్గా తిరగదు, పళ్లు పూర్తిగా కరవవు. టేపు వేయాల్సింది ఒక కొన మరలతో వచ్చే ఫిట్టింగులకు, మేల్ మరల (బయటి వైపు మరలుండేది) వైపు మాత్రమే. మోటారు దగ్గర గేట్ వాల్వుకు కలిపేచోట వాడతాం చూడండి, ఎంటీఏ అంటాం, అది.

లోపల మరలుండే ఎఫ్‌టీఏకు జీఐ (జింకు పూత ఇనుప) నిప్పల్, అంటే మరలున్న పొట్టి పైపు ముక్క, ఎక్కించేటప్పుడు మాత్రం పైపు పానా చేతిలో ఉంది కదా అని బలమంతా చూపించొద్దు. ఇనుము మొండిది, ప్లాస్టిక్ పగులుతుంది. పగులు ఆ రోజు కనపడదు, పది రోజుల తర్వాత సన్నగా చిమ్ముతుంది. మరల చుట్టూ స్టీలు కట్టు ఉన్న ఎఫ్‌టీఏలు వస్తాయి, కొంచెం ధర ఎక్కువ. జీఐకి కలపాలంటే అవే తీసుకోండి.

సైజు గురించి ఎంత చెప్పినా తక్కువే. రోజుకు కనీసం నలుగురు వచ్చి "ఇంచి కప్లరు ఇయ్యి" అంటారు. ఏ ఇంచి? నల్ల హెచ్‌డీపీఈ పైపును బయటి కొలతతో పిలుస్తారు, 20, 25, 32, 40, 50, 63 ఇట్లా. మనం ఇంచి పైపు అనేది 32 ఎంఎం. కానీ ఇంచి జీఐ పైపు బయటి కొలత 33.7. ఇళ్లకు వేసే ఇంచి యూపీవీసీ 33.4. అదే ఇంచి సీపీవీసీ అయితే 28.6. పేరు ఒకటే, పైపులు నాలుగు. రెండించులదీ అదే కథ. పొలం పైపు 63, జీఐ 60.3. రెండున్నర ఎంఎం పైగా తేడా ఉంటే ఎంత బిగించినా పళ్లు అందవు. వెనక్కి వచ్చిన 32 ఎంఎం కప్లర్లలో మూడు ఇట్లా జీఐ పైపు మీదికి బలవంతంగా ఎక్కించబోయి చెడగొట్టినవి. వాటికీ నన్నే తిట్టారు. అందుకే ఇకనుంచి జానెడు పైపు ముక్క తెస్తేనే ఫిట్టింగు ఇస్తాను. ముక్క కోయడం కుదరకపోతే పైపు మీద అచ్చు వేసిన రాతను ఫోటో తీసుకురండి. సైజు, ప్రెషరు అన్నీ అందులోనే ఉంటాయి. హెచ్‌డీపీఈ నీళ్ల పైపు అయితే ఐఎస్ 4984 అని కూడా ఉండాలి.

పాత పీవీసీ లైను చివర నల్ల పైపు తగిలించడానికి ఇదే కప్లరు వేయొచ్చా అని అడుగుతారు. పొలం పీవీసీ కూడా 63 ఎంఎమ్మే కాబట్టి దూరుతుంది. నేను మాత్రం వద్దంటాను. ఈ పళ్లు మెత్తటి పైపును కరవడానికి చేసినవి, పీవీసీ గట్టిది, సరిగ్గా కరవవు. పీవీసీ కొనకు మరల ముక్క అతికించి, నల్ల పైపుకు ఎఫ్‌టీఏ వేసి రెండూ కలపండి. అదొక్కటే కాదు, నల్ల పైపుకు సొల్యూషన్ పూసి అతికించాలని చూసినవాళ్లూ ఉన్నారు. దానికి ఏ సొల్యూషనూ పట్టదు.

ప్రెషరు లెక్క సులువు. పది మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎక్కాలంటే సుమారు ఒక కిలో ప్రెషరు (చదరపు సెంటీమీటరుకు కిలో). ఇంటి మీది ట్యాంకు నుంచి కిందికి దిగే లైనులో కిలో కూడా ఉండదు, అక్కడ ఏ ఫిట్టింగైనా నిలుస్తుంది. బోరు దగ్గర నుంచి 60 మీటర్ల ఎత్తున్న గుట్ట మీది తొట్టికి తోలితే నిలబడ్డ నీళ్ల బరువే 6 కిలోలు. మోటారు ఆగిన క్షణంలో వెనక్కి వచ్చే నీళ్ల దెబ్బ దాని మీద అదనం. కొన్ని లైన్లలో ధడేల్‌మని శబ్దం వస్తుంది చూడండి, ప్రతి కీలూ ఆ దెబ్బ తింటుంది. ఫిట్టింగు మీద పీఎన్ 10 లేదా పీఎన్ 16 అని అచ్చు ఉంటుంది, అంటే 10 కిలోలు, 16 కిలోలు. పైపు మీద ఉన్న అంకె కన్నా ఫిట్టింగు మీది అంకె తగ్గకూడదు. నేను తెచ్చిన తక్కువ సరుకు మీద అంకే లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇక బిగించడం. మంచి కప్లరును కూడా చెడగొట్టేది కోత. కొడవలి, మచ్చుకత్తి వద్దు. హ్యాక్సా బ్లేడు చాలు, కాకపోతే నిదానంగా, కొన వంకర లేకుండా రావాలి. కోసిన తర్వాత బయటి అంచును కత్తితో చుట్టూ కొంచెం గీకి ఏటవాలు చేయండి. ఇది చేసేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. పదునైన అంచు లోపలికి పోయేటప్పుడు రబ్బరు రింగును మెలిపెడుతుంది, కోసేస్తుంది కూడా. తర్వాత కప్లరును పైపు పక్కన పెట్టి, మధ్యలో అడ్డు ఎక్కడ ఉందో అంచనా చూసుకుని, పైపు మీద స్కెచ్ పెన్నుతో గీత గీయండి. నల్ల పైపు మీద కనపడకపోతే సుద్దముక్క. నట్టు పూర్తిగా వదులు చేసి, కొనకు సబ్బు నీళ్లు రాసి, మెలి తిప్పుతూ నెట్టండి. రబ్బరు రింగు దగ్గర ఒకసారి ఆగినట్టు అనిపిస్తుంది. చాలామంది అయిపోయిందనుకుని అక్కడే నట్టు బిగిస్తారు. ఆ చీనీ తోటలో జరిగింది సరిగ్గా అదే. ఇంకా నెట్టాలి, గీత నట్టు అంచు దాకా రావాలి. అప్పుడు చేత్తో బిగించి, తర్వాత పానా. 32 దాకా చేతి బలం, ఇంకొంచెం పానా సరిపోతుంది. 63కి పెద్ద పానా లేకుండా కుదరదు.

చుట్ట విప్పిన పైపు వంపు తిరిగే ఉంటుంది. ఆ వంపులోనే కప్లరు వేస్తే పైపు ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూ ఉంటుంది, ఆ పక్క రబ్బరు నలిగి రెండో పక్క సందు పడుతుంది. ముందు రోజే చుట్ట విప్పి ఎండలో పరిచి, తిన్నగా అయ్యాక పని పెట్టుకోండి. ఎండ అంటే గుర్తొచ్చింది, మన అనంతపురం ఎండకు ఈ పైపు బాగా సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు 100 మీటర్ల పైపు దాదాపు మూరెడు పొడుగు మారుతుంది. మిట్టమధ్యాహ్నం టైటుగా లాగి కప్లర్లు వేస్తే రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ లాగుడంతా పళ్ల మీద పడుతుంది. కాలువలో కొంచెం అటూ ఇటూ వంకరగా పరిచి, సాయంత్రం బిగించి, మట్టి కప్పేయండి. కప్పే ముందు ఒకసారి నీళ్లు తోలి చూడండి. కప్పిన తర్వాత లీకు వెతకడమంటే ఒక రోజు కూలీ.

వేడి నీళ్ల లైనుకు ఈ ప్లాస్టిక్ కాంప్రెషన్ ఫిట్టింగులు వద్దు, గీజరు దగ్గరికి అసలే తీసుకెళ్లొద్దు. ఇళ్లలో రాగి పైపుకు, అల్యూమినియం పొర ఉండే 1216, 1620 పైపులకు వేసే ఇత్తడి ఫిట్టింగుల లెక్క వేరు. రాగి పైపుది అయితే లోపలి చిన్న ఇత్తడి రింగు నలిగి పైపుకు శాశ్వతంగా అంటుకుంటుంది. చేత్తో బిగిసిన తర్వాత పానాతో ఒక చుట్టు, ఇంకో పావు చుట్టు, అంతకు మించితే రింగు పాడై అక్కడే కారుతుంది. విప్పితే కొత్త రింగు వేసుకోవాలి. వాటిలో మాకు ఫిర్యాదులేవీ రాలేదు.

నేను మార్చుకున్నది ఇదీ. తక్కువ రకం పూర్తిగా ఆపేశాను. మంచి రకం ధర ఎక్కువే, 63 కప్లరు మీద పక్క ఊరికీ మాకూ తేడా ఉంటుంది, బేరమాడినా తగ్గించలేను. సరుకు దిగిన రోజే లాటుకు రెండు విప్పి చూస్తున్నాను. అడిగితే మీ ముందు కూడా విప్పి పళ్ల రింగు చూపిస్తాను. రబ్బరు రింగులు, పళ్ల రింగులు విడిగా కూడా ఉన్నాయి, ఒక్క రింగు కోసం కప్లరంతా కొనక్కర్లేదు. పైపు మా దగ్గర కొంటే కొన కోసి, అంచు గీకి ఇస్తాం, దానికి డబ్బు లేదు. ఒక పని మాత్రం చేయలేను. కొడవలితో కోసి బిగించి లీకైన మంచి కప్లరును వాపసు తీసుకోలేను. పైపు కొన తెచ్చి చూపిస్తే ఎక్కడ తప్పు జరిగిందో మాత్రం ఇద్దరం కలిసి చూద్దాం.

ఇప్పుడు గుర్తుపట్టే తీరు. చెడ్డ లాటు కప్లరు నట్టు ముదురు నీలం, దాదాపు సిరా రంగు. మేము మామూలుగా అమ్మేది లేత నీలం. బాడీ మీద సైజు అంకె తప్ప పీఎన్ అని ఏమీ ఉండదు. కారకుండా పనిచేస్తున్నా సరే, ప్రెషరు లైనులో ఉంటే మార్చుకోండి. డ్రిప్పు చివర తక్కువ ప్రెషరులో ఉంటే తొందరేం లేదు, వీలున్నప్పుడు తెండి. విప్పిన కొన మీద పాత పళ్ల గీతలు ఉంటాయి కదా, ఆ మేరకు కోసి పారేసి కొత్త కొనకు బిగించండి, పాత గీతల మీదుగా నీరు జారుతుంది. పైపు చాలకపోతే చెప్పండి, అర మీటరు ముక్క, రెండు కప్లర్లు నేనే ఇస్తాను.

విప్పే ముందు ఆటో స్టార్టరు ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. కరెంటు లేదు కదా అని చేతులు పెట్టొద్దు. అది ఎప్పుడొస్తుందో మీకూ తెలియదు, స్టార్టరు మాత్రం ఎవరినీ అడక్కుండా మోటారు వేసేస్తుంది.