మంచాలున్నాయి, మనుషులు లేరు

భీమవరం

చి. ల. సౌ. సుధకు,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అల్లుడు గారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇంత పెద్ద ఉత్తరం ఎందుకంటే, ఫోనులో చెప్పబోతే సగంలోనే "డబ్బు సంగతి వదిలేయండి నాన్నా, ఎంతైనా పంపుతాను" అంటావు. మొన్న నాయనమ్మ కోసం చూసిన వృద్ధుల హోములో మేనేజరు ఎదుట కూడా అదే మాట అన్నావు. స్పీకరు మీద అతను విననే విన్నాడు. అప్పటిదాకా మామూలు గది లెక్క వేస్తున్నవాడు ఏసీ గది, విడిగా ఆయా, ఫిజియోథెరపీ అంటూ వేరే కాగితం తీశాడు. అతణ్ణి నేను తప్పు పట్టను. కొనేవాడే తన జేబు లోతు చెప్పాక తక్కువ అడిగే అమ్మకందారు ఎక్కడుంటాడు? ఇకమీదట రేటు మాట్లాడేటప్పుడు మాత్రం నీకు ఫోను కలపను.

నడవగలిగే మనిషికి ఒక రేటు, మంచం పట్టిన మనిషికి దాదాపు రెట్టింపు, పైగా ఏటా పెంపు, ఇది దోపిడీ కాదా అని అడిగావు. దోపిడీ కొంత ఉంది. మిగిలినదంతా కాలేజీలో నేను చెప్పిన ఎకనామిక్స్ పాఠమే, నువ్వు సైన్సు గ్రూపు తీసుకుని తప్పించుకున్నది.

ముసలివాళ్లు పెరిగారు కాబట్టి రేటు పెరిగిందని అందరూ అంటారు. నిజమే. 2011 జనగణన నాటికే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో నూటికి దాదాపు పదిమంది అరవై దాటినవాళ్లు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఆ ఒకరిద్దరూ హైదరాబాదులోనో, మీలాగా సముద్రాల అవతలో ఉంటారు. మన వీధిలో సాయంత్రం అరుగుల మీద కూర్చునేవాళ్లను చూస్తే ఈ లెక్కలు చదవనక్కర్లేదు.

కానీ గిరాకీ పెరిగితే సరఫరా కూడా పెరగాలి కదా, ఎందుకు పెరగడం లేదు? గదులకు ఇక్కడ కరువేమీ లేదు. కోనసీమలో, మన వైపు పల్లెల్లో తాళం వేసిన మండువా లోగిళ్లు ఎన్నో ఉన్నాయి. నేను చూసిన హోములోనే పరుపులు వేసిన మంచాలు ఖాళీగా ఉన్నాయి. అయినా మంచం పట్టినవాళ్లను ఇప్పుడు చేర్చుకోలేమన్నారు. చూసేవాళ్లు లేరట.

మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి, లేదంటే పుండ్లు పడతాయి. అది రాత్రిళ్లు కూడా చేయాలి. తిండి తినిపించాలి, బట్ట మార్చాలి, ఒళ్లు తుడవాలి. అంటే మంచం ఒకటే అయినా మూడు పూటలకు మూడు జతల చేతులు కావాలి. ఆ చేతులకు మన జిల్లాల్లో వేరే గిరాకీ ఉంది. ఒకటి, రొయ్యల ప్లాంట్లు. తల తీసి, పొట్టు వలిచే పనికి తెల్లవారేసరికి ఊళ్లలోకి వ్యాన్లు వస్తాయి. రెండోది కువైట్, మస్కట్. పెద్దగా చదువుకోని ఆడవాళ్లను ఇంటి పనికి గల్ఫుకు పంపాలంటే ముప్పై ఏళ్లు నిండి ఉండాలని ప్రభుత్వ నిబంధన. వాళ్ల రక్షణ కోసమే పెట్టారు, మంచిదే. అయితే దానివల్ల వెళ్లేది ఎవరో ఆలోచించు. పిల్లలను పెంచి, అత్తమామలకు చాకిరీ చేసి, ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు. మన ముసలివాళ్లకు కావలసింది సరిగ్గా వాళ్లే. ఇక్కడి ఆయా జీతాన్ని ఆ మేనేజరు నిర్ణయించడం లేదు, కువైట్ షేకు వంటిల్లు నిర్ణయిస్తోంది. నర్సింగ్ చదివిన పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక కొనేవాళ్ల వైపు. ధర ఎంత పెరిగినా కొనక తప్పని గిరాకీకి, అంటే అవ్యాకోచ డిమాండుకు, తరగతిలో ఉప్పును ఉదాహరణగా చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే మన రొయ్యల చెరువు చెబుతాను, అక్కడ మనం అమ్మేవాళ్లమే అయినా ఇరుకు ఒకటే. రొయ్యకు తెల్లమచ్చ తెగులు కనిపించిన రోజు గుర్తుందా? రొయ్య ఇంకా వంద కౌంటులోనే, అంటే కిలోకు వంద తూగేంత చిన్నగానే ఉంది, ఇంకో నెల ఆగితే ధర వస్తుందని తెలుసు, అయినా ఆ రాత్రే వల వేసి, కొనేవాడు చెప్పిన రేటుకు పట్టుబడి చేశాం. సంరక్షణ కోసం వెతికే కుటుంబాల్లో చాలావాటి స్థితి అదే. తుంటి ఎముక విరుగుతుంది, ఆపరేషన్ అవుతుంది, రేపు ఇంటికి తీసుకువెళ్లండని ఆసుపత్రి అంటుంది. సాయంత్రంలోగా ఒక మంచం కావాలి. నాలుగు చోట్ల తిరిగి బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది? చేర్చాక రేటు పెంచినా, కట్టు కట్టిన మనిషిని మళ్లీ ఇంకో చోటికి మార్చలేం. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఆయుష్మాన్ భారత్ ఉంది కదా అన్నారు అల్లుడు గారు. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటిన అందరికీ దాన్ని వర్తింపజేశారు. ఏడాదికి 5 లక్షల దాకా ఉంది. అది ఆసుపత్రిలో చేరితేనే. ఆపరేషనుకు పనికివస్తుంది, ఆ తరువాత నెలల తరబడి పక్క తిప్పే చేతికి రూపాయి రాదు. ఇక 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి చోటుతో కట్టవచ్చని చెప్పింది. కట్టి తీరాలని చెప్పలేదు. పైగా అది నిరుపేదలకు. అయిదెకరాల చేను పేరున ఉన్న మీ నాయనమ్మ ఆ వరుసలో నిలబడకూడదు కూడా.

మీ అమెరికాలో మాత్రం ఏం తక్కువ? 2023 లెక్కల్లో వృద్ధుల నర్సింగ్ హోములో ఇద్దరు పంచుకునే గదికే ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. పెద్దవాళ్లకు అక్కడి సర్కారు ఇచ్చే బీమా మెడికేర్ గరిష్ఠంగా వంద రోజులు చూస్తుంది, అందులోనూ ఇరవై రోజుల తరువాత వాటా కట్టాలి. ఆస్తి కరిగిపోయాక పేదలకు సర్కారు ఇచ్చే మెడికెయిడ్ వస్తుంది. అక్కడి నర్సింగ్ హోముల్లో పదిమందిలో ఆరుగురి ఖర్చు పెట్టేది అదే, కానీ తక్కువ రేటు ఇస్తుంది. కాబట్టి సొంతంగా కట్టేవాళ్ల దగ్గర యజమానులు ఎక్కువ లాగుతారు. నాకు వింతగా తోచింది ఇంకొకటి. 1964లో న్యూయార్క్ మొదలుపెట్టిన ఒక పద్ధతి ప్రకారం చాలా రాష్ట్రాల్లో కొత్త మంచాలు వేయాలంటే ముందు అవసరం ఉందని నిరూపించి అనుమతి తెచ్చుకోవాలి. మంచం వేస్తే అది నిండక మానదని, నిండితే బిల్లు సర్కారు మీద పడుతుందని వాళ్ల భయం. అక్కడ అనుమతులు సరఫరాను బిగిస్తే, ఇక్కడ ఎవరూ బిగించకుండానే బిగుసుకుంది.

అందుకని నేను అనుకున్నది ఇది. నాయనమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది కాబట్టి ఇప్పుడే, తొందర లేని రోజుల్లోనే, ఆమె పేరు రాయిస్తాను. మంచాన పడితే ఎంత, ఏడాదికి ఎంత శాతం మించి పెంచరు, మధ్యలో మానేస్తే డిపాజిట్ ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఇవన్నీ కాగితం మీద పెట్టమంటాను. పెట్టనంటే పాలకొల్లులో ఇంకొకటి చూసి ఉంచాను. రాత్రి డ్యూటీలో ఎందరు ఉంటారో చెప్పకుండా ఏసీ చూపించేవాళ్ల దగ్గర మాత్రం చేర్చను.

ఆ రోజు వచ్చేదాకా ఇంట్లోనే. నువ్వు పంపుతానన్న దానిలో సగం నాయనమ్మను చూసుకునే మంగమ్మ జీతం పెంచడానికి వాడతాను. వాళ్ల చెల్లెలు కువైట్ నుంచి వీసా పంపుతానంటోందట. మనం పోటీ పడలేం గానీ, మంగమ్మ కూతురి ఇంటర్ ఫీజు కడితే రెండేళ్లు ఆగుతుందని మీ అమ్మ అంచనా. మీ అమ్మ అంచనాలు నా సిద్ధాంతాలకంటే నయం.

నాయనమ్మకు హోము సంగతి ఇంకా చెప్పలేదు. ఆదివారం నువ్వు మాట్లాడేటప్పుడు ఎత్తవద్దు, నేనే చెబుతాను. చెప్పగానే తన చేను కౌలు డబ్బుతోనే కట్టుకుంటానని పట్టుబడుతుంది. అప్పుడు నువ్వు కాదనకు.

ఇట్లు,
మీ నాన్న